తల్లుల భయానికి కారణం వెదికిన వైద్యుడు

బాలింతల మరణాలను ఆపిన సెమ్మెల్‌వైస్.. సాటి వైద్యుల చేతిలోనే పరాభవం పొందిన వైనం

పాచిపెంట: మన్యం పల్లెల్లో పురుటి నొప్పులు మొదలైన ఆడపడుచును ఆసుపత్రికి తరలించాలంటే దారి కంటే ముందు భయం అడ్డుపడుతుంది. డోలీ మోసేందుకు నలుగురు సిద్ధమైనా, కింద తారు రోడ్డు మీద అంబులెన్సు వేచి ఉన్నా కొందరు గర్భిణులు కదలడానికి ఇష్టపడరు. ముఖపరిచయం లేని పురుషుడి ఎదుట పడుకోవలసి రావడం, నొప్పితో కేకలు వేస్తే కసరడం, తోడు వచ్చిన తల్లినో అత్తనో తలుపు బయటే నిలిపివేయడం, అక్కడివారి మాట తమకు, తమ మాట అక్కడివారికి అర్థం కాకపోవడం.. ఒక్కరికి ఎదురైన అనుభవం పది గూడేలకు పాకుతుంది. ఆ అయిష్టాన్ని చదువుకున్నవారు సాధారణంగా మూఢనమ్మకం ఖాతాలో జమ కట్టేస్తారు. ఆ భయానికి కారణం ఏమై ఉంటుందని ఆరా తీసేవారు అరుదు.

ఆ ఆరా తీసిన వైద్యుడొకరు 19వ శతాబ్దపు ఐరోపాలో ఉండేవారు. పేరు ఇగ్నాజ్ ఫిలిప్ సెమ్మెల్‌వైస్. పేద గర్భిణులు ఒక ఆసుపత్రి వార్డు పేరు చెబితేనే వణికిపోవడం చూసి, ఆ వణుకు వెనుక నిజం ఉందేమోనని వెదికారు. దొరికిన నిజం వైద్యుల చేతులనే పట్టి చూపింది. చేతులు కడుక్కోవడం నేర్పిన మహానుభావుడిగా పాఠ్యపుస్తకాలు ఆయనను తలచుకుంటాయి. అంతకు మించిన కథ ఆయన జీవితంలో ఉంది.

కిరాణా వ్యాపారి బిడ్డ

హంగరీ దేశంలోని బుడా పట్టణంలో 1818 జులై 1న సెమ్మెల్‌వైస్ జన్మించారు. నేటి బుడాపెస్ట్ మహానగరంలో అది ఒక భాగం. తండ్రి కలిగిన కిరాణా వ్యాపారి. పదిమంది సంతానంలో సెమ్మెల్‌వైస్ ఐదోవారు. ఇంట్లో మాట్లాడేది జర్మన్ భాష. న్యాయశాస్త్రం చదవాలని 1837లో ఆస్ట్రియా రాజధాని వియన్నాకు వెళ్లిన యువకుడు కొద్దికాలానికే మనసు మార్చుకుని వైద్యంలో చేరారు. 1844లో పట్టా అందుకున్నారు. శవపరీక్షల ద్వారా వ్యాధుల మూలాలు కనుగొనే విద్యలో దిట్టయైన రొకిటాన్‌స్కీ, ఛాతీ పరీక్షలో పేరుపొందిన స్కోడా, చర్మవ్యాధుల నిపుణుడు హెబ్రా ఆయనకు గురువులుగా, అండగా నిలిచారు. కోరుకున్న ఇతర విభాగాల్లో అవకాశం దొరకకపోవడంతో ప్రసూతి వైద్యం వైపు మళ్లారు. 1846 జులైలో వియన్నా జనరల్ ఆసుపత్రి మొదటి ప్రసూతి విభాగంలో, ప్రొఫెసర్ యోహాన్ క్లైన్ వద్ద సహాయకుడిగా బాధ్యతలు చేపట్టారు.

అక్కడికి కాన్పుకు వచ్చేవారు ఎవరన్నది గమనార్హం. కలిగినవారి ఇళ్లలో పురుళ్లు ఇంటి వద్దనే జరిగేవి. ఆసుపత్రి గడప తొక్కేది కూలీనాలీ చేసుకునే స్త్రీలు, ఇంటి పనిమనుషులు, పెళ్లికాకుండానే గర్భవతులై ఎటూ దిక్కులేనివారు. అక్కడ కాన్పు ఉచితం. ఆ ఉచితానికి ప్రతిఫలం మాత్రం వారి శరీరమే. విద్యార్థులు పాఠం నేర్చుకునేందుకు ఒకరి తర్వాత ఒకరుగా వచ్చి లోపలి పరీక్షలు చేసేవారు. ఒప్పుకుంటావా అని ఆ తల్లిని అడిగే ఆచారం అప్పట్లో లేదు. డబ్బు కట్టలేని మనిషికి అడిగించుకునే హక్కు ఉంటుందన్న తలంపే ఆనాటి సమాజానికి రాలేదు.

ఒకే కప్పు కింద రెండు వార్డులు

వియన్నా ఆసుపత్రిలో ప్రసూతి విభాగాలు రెండు. 1840 నాటి ఉత్తర్వు ప్రకారం మొదటి దానిలో వైద్య విద్యార్థులు, రెండో దానిలో మంత్రసాని శిక్షణకు వచ్చిన స్త్రీలు పని నేర్చుకునేవారు. వచ్చిన గర్భిణులను ఒకరోజు మొదటి విభాగంలో, మరునాడు రెండో విభాగంలో చేర్చుకునేవారు. ఎవరు ఎక్కడ చేరతారన్నది వారి చేతుల్లో లేదు. నొప్పులు వచ్చిన వారమే నిర్ణయించేది.

1846 సంవత్సరపు లెక్కలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మొదటి విభాగంలో 4,010 కాన్పులు జరగగా 459 మంది తల్లులు మరణించారు. అంటే నూటికి 11 మందికి పైగా. రెండో విభాగంలో 3,754 కాన్పులకు 105 మరణాలు. నూటికి ముగ్గురు కూడా లేరు. రెండింటిలో ఎక్కువ మందిని పొట్టన పెట్టుకున్నది సూతికా జ్వరం. కాన్పు అయిన ఒకటి రెండు రోజులకే చలి, తీవ్రమైన జ్వరం, పొత్తికడుపులో భరించరాని నొప్పి. వారం తిరగకముందే ప్రాణం పోయేది. చాలాసార్లు పుట్టిన బిడ్డా తల్లి వెంటే వెళ్లేది.

ఈ తేడా పెద్దల సభల్లో చర్చకు రాకముందే వియన్నా వీధుల్లోని పేద స్త్రీలకు తెలుసు. తమను చేర్చుకునేది మొదటి విభాగంలో అని తెలియగానే ఎందరో మోకాళ్ల మీద పడి, చేతులు జోడించి, రెండో దానిలో వేయమని ప్రాధేయపడేవారు. కొందరైతే మరునాటి వరకు నొప్పులు బిగబట్టుకుని గడిపేవారు. మరికొందరు దారిలోనో, ఆసుపత్రి గుమ్మం దగ్గరో కని, ఆ తర్వాత లోనికి వచ్చేవారు. దారిలో పురుడు వచ్చిందని చెబితే బిడ్డ సంరక్షణకు లభించే సహాయం పోయేది కాదు, పరీక్షల బాధా తప్పేది. వింత ఏమిటంటే అలా వీధిలో కన్నవారికి జ్వరం సోకడం చాలా అరుదు. ఈ సంగతి సెమ్మెల్‌వైస్‌ను నిద్రపోనివ్వలేదు. వైద్యుల సమక్షంలో, మంచం మీద, కప్పు కింద కన్న తల్లి చనిపోతుంటే, రాళ్ల వీధిలో కన్న తల్లి బతికి బట్టకట్టడం ఎలా సాధ్యమని తనను తాను ప్రశ్నించుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవలసి ఉంది. వియన్నా వీధి కాన్పుల ముచ్చట విని కొండదారిలో పురుడు పోసుకోవడమే మేలని ఎవరూ అనుకోరాదు. నేటి మన్యంలో దారి మధ్య కాన్పు అంటే ఆగని రక్తస్రావం, ఫిట్స్, అడ్డం తిరిగిన బిడ్డ. వీటికి ఆసుపత్రే శరణ్యం. సాలూరు వంటి చోట్ల కాన్పు గడువు దగ్గరపడిన కొండ ప్రాంత గర్భిణులకు ముందుగానే బస కల్పించేలా ఐటీడీఏ 2018లో వసతి గృహం ఏర్పాటు చేయడానికి కారణమూ ఇదే. నాడు వియన్నాలో చెడింది ఆసుపత్రి అనే ఏర్పాటు కాదు. అందులో ఒక వార్డుకు మాత్రమే పట్టిన దోషం అది. పక్క వార్డులో మంత్రసానుల చేతుల మీదుగా జరిగిన వేలాది కాన్పులు దానికి నిదర్శనం.

అన్నీ చెప్పారు.. తమ చేతులు తప్ప

మరణాలకు కారణాలు చెప్పమంటే పెద్దల దగ్గర కొదవ లేదు. గాలిలో, భూమిలో, ఆకాశంలో ఏదో విషప్రభావం ఉందన్నారు. ఆ గాలి రెండు వార్డులకూ ఒకటే కదా! కిక్కిరిసిపోవడం కారణమన్నారు. నిజానికి ఎక్కువగా కిక్కిరిసింది రెండో వార్డే. ఎందుకంటే స్త్రీలంతా అక్కడికే పరుగులు తీసేవారు. మరణశయ్యపై ఉన్నవారికి చివరి ప్రార్థన చేసేందుకు పురోహితుడు గంట మోగిస్తూ మొదటి వార్డు గుండా వెళ్లడం వల్ల బాలింతలు భయంతో జబ్బుపడుతున్నారని ఒక వాదన వచ్చింది. సెమ్మెల్‌వైస్ ఆ పురోహితుడిని ఒప్పించి, గంట లేకుండా చుట్టుదారిన వెళ్లేలా చేశారు. చావులు తగ్గలేదు. మంత్రసానుల వార్డులో మాదిరి పక్కకు తిరిగి పడుకోబెట్టి కాన్పులు చేయించారు. ప్రయోజనం కనబడలేదు.

పురుషులు పరీక్షించడం వల్ల సిగ్గుతో కుంగి జబ్బు పడుతున్నారని కూడా కొందరు అన్నారు. ఈ వాదనలో ఆ స్త్రీలకు సిగ్గు, అభిమానం ఉంటాయని తొలిసారి ఒప్పుకోవడం కనిపిస్తుంది. అయితే వారి అభిమానాన్ని కాపాడేందుకు కాకుండా, చావుల నేరం వారి మనసు మీదికి నెట్టేందుకే దానిని వాడుకున్నారు. విచారణకు నియమితమైన సంఘం విదేశీ విద్యార్థులు మొరటుగా పరీక్షిస్తున్నారని తేల్చి, విద్యార్థుల సంఖ్యను 42 నుంచి 20కి కుదించింది. పరీక్షల సంఖ్యా తగ్గింది. 1847 తొలి మూడు నెలల్లో మరణాలు నిజంగానే తగ్గాయి. ఎందుకు తగ్గాయో మాత్రం ఎవరూ గ్రహించలేకపోయారు.

మిత్రుడి మరణం నేర్పిన పాఠం

1846 అక్టోబరులో సెమ్మెల్‌వైస్ తాత్కాలికంగా పదవి కోల్పోయారు. తిరిగి చేరేలోగా మిత్రులతో వెనిస్ యాత్రకు వెళ్లారు. 1847 మార్చి 20న విధుల్లో చేరేసరికి పిడుగులాంటి వార్త ఎదురైంది. న్యాయవైద్య శాస్త్ర ఆచార్యుడు, ఆత్మీయ మిత్రుడు యాకోబ్ కొల్లెచ్కా కన్నుమూశారు. శవపరీక్ష చేస్తుండగా ఒక విద్యార్థి చేతిలోని కత్తి పొరపాటున ఆయన వేలికి గుచ్చుకుంది. ఆ చిన్న గాయమే ప్రాణం తీసింది. ఆయన దేహానికి జరిపిన శవపరీక్ష నివేదికను సెమ్మెల్‌వైస్ చదివారు. అందులోని లక్షణాలు ఆయనకు కొత్తవి కావు. సూతికా జ్వరంతో పోయిన తల్లుల దేహాల్లో రోజూ చూస్తున్నవే.

అప్పుడు చిక్కుముడి విడిపోయింది. ప్రతి ఉదయం వైద్యులు, విద్యార్థులు శవాగారంలో శవాలు కోస్తారు. అక్కడి నుంచి నేరుగా ప్రసూతి వార్డుకు వచ్చి తల్లులను పరీక్షిస్తారు. చేతులు సబ్బుతో కడిగినా శవాల వాసన పోయేది కాదు. మంత్రసాని విద్యార్థినులకు శవాగారంతో పనిలేదు. కాబట్టే వారి వార్డులో చావులు తక్కువ. వీధిలో కన్న తల్లిని కాన్పు వేళ ఎవరూ పరీక్షించరు. కాబట్టే ఆమె బతికింది. కొల్లెచ్కాకు కత్తి మొన మీదుగా చేరిన మరణం, తల్లులకు వైద్యుల వేళ్ల మీదుగా చేరుతోంది. క్లైన్‌కు ముందు అదే ఆసుపత్రిలో ప్రసూతి శాఖాధిపతిగా పనిచేసిన బోయర్ శవాల మీద పాఠాలు చెప్పేందుకు అంగీకరించక బొమ్మల మీదనే విద్యార్థులకు నేర్పేవారు. ఆయన హయాంలో మరణాలు నూటికి ఒకటి చొప్పున మాత్రమే ఉండేవి. పాత రిజిస్టర్లు తిరగేసిన సెమ్మెల్‌వైస్‌కు ఈ సంగతీ బోధపడింది.

అన్నింటికంటే కఠినమైన లెక్క ఇంకొకటి మిగిలింది. సెమ్మెల్‌వైస్ స్వయంగా శవపరీక్షలంటే ప్రాణం పెట్టేవారు. వార్డులో పోయిన స్త్రీల దేహాలను ప్రతి ఉదయం తానే పరీక్షించి కారణం వెదికేవారు. యాత్ర నుంచి తిరిగి వచ్చాక మరింత పట్టుదలతో ఆ పనిలో మునిగిపోయారు. ఆ ఏప్రిల్‌లో 312 కాన్పులకు 57 మంది తల్లులు పోయారు. నూటికి 18 మంది. వెదుకుతున్న హంతకుడు తన సొంత చేతులేనని గ్రహించిన మనిషి మానసిక స్థితి ఎలా ఉంటుందో ఊహించుకోవలసిందే. తన వల్ల ఎందరు తల్లులు అకాలంగా సమాధి చేరారో ఆ దేవుడికే ఎరుకని ఆయన తన గ్రంథంలో దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. వైద్య చరిత్రలో ఇంతటి నిజాయితీ అరుదు.

బ్లీచింగ్ పౌడరు నీళ్లు

1847 మే నెల మధ్యలో మొదటి వార్డు గుమ్మం వద్ద ఒక పాత్ర వెలిసింది. లోపలికి అడుగుపెట్టే ప్రతి వైద్యుడూ, విద్యార్థీ క్లోరిన్ కలిపిన ఆ నీటిలో చేతులు రుద్ది కడగాలన్నది సెమ్మెల్‌వైస్ ఆజ్ఞ. ఖర్చు తగ్గించేందుకు కొద్దికాలానికే దాని స్థానంలో క్లోరినేటెడ్ సున్నం వాడారు. మన పంచాయతీలు నేలబావుల్లో చల్లే బ్లీచింగ్ పౌడరు అదే. సూక్ష్మజీవుల సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. శవాల వాసనను పోగొట్టేది శవాల విషాన్నీ పోగొట్టి తీరుతుందన్న ఊహతోనే ఆయన దానిని ఎంచుకున్నారు.

ఫలితం వారాల్లోనే కనబడింది. జూన్‌లో 268 కాన్పులకు 6, జులైలో 250కి 3, ఆగస్టులో 264కి 5 మరణాలు. 1848 సంవత్సరమంతా కలిపి 3,556 కాన్పులకు 45 మంది మాత్రమే చనిపోయారు. పక్కనున్న మంత్రసానుల వార్డుతో ఇప్పుడు తేడాయే లేదు. ఆ ఏడాది మార్చి, ఆగస్టు నెలల్లో ఒక్క తల్లి కూడా మరణించకపోవడం విశేషం.

మధ్యలో రెండు ఎదురుదెబ్బలు తగిలాయి. 1847 అక్టోబరులో గర్భాశయ క్యాన్సర్ పుండుతో ఉన్న ఒక స్త్రీని మొదటి మంచంపై పరీక్షించి, చేతులు సబ్బుతో మాత్రమే కడిగి తర్వాతి వారిని పరీక్షించారు. ఆమెతో పాటు కాన్పయిన 12 మందిలో 11 మంది చనిపోయారు. మరుసటి నెలలో మోకాలు కుళ్లిన ఒక బాలింత కారణంగా మళ్లీ అదే జరిగింది. విషం శవాల నుంచే రానక్కరలేదని, బతికున్న మనిషి పుండు నుంచీ రాగలదని అప్పుడు తెలిసింది. నాటి నుంచి ఒక్కో తల్లిని పరీక్షించాక ఒక్కోసారి చేతులు కడగాలని నియమం పెట్టారు. ఎవరు బద్ధకించినా సెమ్మెల్‌వైస్ ఊరుకునేవారు కాదు. తోటివారికి ఆయన మొండివాడిగా, కోపిష్టిగా కనబడింది ఇక్కడి నుంచే.

మింగుడుపడని నిజం

ఇంతటి ఫలితం కళ్లెదుట ఉన్నా పెద్దలు ఒప్పుకోలేదు. కారణం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. చేతులు కడగమంటే అవి మురికివని ఒప్పుకోవాలి. వైద్యుడంటే పెద్దమనిషి, ఆయన చేయి మలినమెలా అవుతుందన్న అహం ఒకవైపు. నేటి నుంచి చేతులు కడిగితే నిన్నటి వరకు పోయిన తల్లుల లెక్కకు జవాబు చెప్పవలసి వస్తుందన్న గుబులు మరోవైపు. జర్మనీలోని కీల్ నగర ప్రసూతి ఆచార్యుడు మిఖాయెలిస్ ఈ సిద్ధాంతాన్ని నమ్మారు. తాను కాన్పు చేసిన దగ్గరి బంధువు సూతికా జ్వరంతో పోవడం గుర్తుకు వచ్చి కుమిలిపోయారు. 1848లో రైలు కింద పడి ప్రాణం తీసుకున్నారు. అందరిలో అంతటి అంతరాత్మ ఉండాలని కోరలేం గానీ, అందులో పదో వంతు ఉన్నా ఎందరో తల్లులు బతికేవారు.

ఈ విషయంలో సెమ్మెల్‌వైస్ తొలి వ్యక్తీ కాదు. స్కాట్లాండులోని అబర్డీన్ వైద్యుడు అలెగ్జాండర్ గోర్డన్ 1795లోనే ఈ జ్వరం వైద్యులు, మంత్రసానుల ద్వారా ఒకరి నుంచి మరొకరికి చేరుతుందని రాశారు. అమెరికాలో ఆలివర్ వెండెల్ హోమ్స్ 1843లో అదే చెప్పారు. ఇద్దరికీ దక్కింది వ్యతిరేకతే.

సెమ్మెల్‌వైస్ వైపు లోపం లేదనడానికి వీల్లేదు. కనుగొన్న విషయాన్ని వెంటనే తన పేరుతో ప్రచురించలేదు. ఆయన తరఫున గురువు హెబ్రా రెండు వ్యాసాలు రాశారు. రాయడమంటే సెమ్మెల్‌వైస్‌కు చికాకు. చదివినవారికి శవాల విషం సంగతే అర్థమైంది తప్ప పుండ్ల సంగతి అందలేదు. ఇంతలో 1848 విప్లవం వియన్నాను కుదిపేసింది. 1849 మార్చిలో ఆయన పదవీకాలం ముగియగా క్లైన్ పొడిగించలేదు. ఏడాదికి పైగా తిరిగితే 1850లో బోధించే అనుమతి వచ్చింది గానీ, బొమ్మల మీద మాత్రమే పాఠం చెప్పాలన్న షరతు విధించారు. అవమానభారంతో మిత్రులకైనా చెప్పకుండా సెమ్మెల్‌వైస్ వియన్నా విడిచి సొంత ఊరికి వెళ్లిపోయారు. అండగా నిలిచిన గురువులకు ఇది మనసు కష్టం కలిగించింది.

సొంతగడ్డ మీద

పెస్ట్ నగరంలోని సెయింట్ రోకస్ ఆసుపత్రి ప్రసూతి విభాగాన్ని 1851లో జీతం లేని గౌరవ వైద్యుడిగా చేపట్టారు. అక్కడా అదే జ్వరం, అవే చావులు. ఆరేళ్ల వ్యవధిలో 933 కాన్పులకు జ్వర మరణాలు 8 మాత్రమే నమోదయ్యాయి. 1855లో పెస్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి లభించింది. చేతులతో పాటు పనిముట్లు, దుప్పట్లు కూడా శుభ్రంగా ఉండాలని ఆయన పట్టుబట్టారు. మైల పడిన దుప్పట్లు మార్చేందుకు సైతం అధికారులతో పోరాడవలసి వచ్చింది. 1857లో మరియా వైడెన్‌హోఫర్‌ను వివాహమాడారు. ఐదుగురు పిల్లలు కలిగితే ఇద్దరు పసితనంలోనే పోయారు.

ఎట్టకేలకు 1860 చివర్లో సూతికా జ్వరంపై గ్రంథం వెలువడింది. పట్టికలు, అంకెలు, వాదోపవాదాలతో కిక్కిరిసిన పుస్తకమది. ఐరోపాలోని పెద్దలు పట్టించుకోలేదు. కొందరు ఎగతాళి చేశారు. బెర్లిన్‌లో వైద్యశాస్త్రానికి పెద్దదిక్కుగా ఉన్న విర్షో సైతం అంగీకరించలేదు. దానితో సెమ్మెల్‌వైస్ సహనం కోల్పోయారు. 1861, 62 సంవత్సరాల్లో పేరున్న ప్రసూతి ఆచార్యులకు బహిరంగ లేఖలు సంధించారు. తెలిసి తెలిసి తల్లులను చావుకు అప్పగిస్తున్న మీరు హంతకులేనని నేరుగా నిందించారు. ఆ లేఖలు మిత్రులను కూడా దూరం చేశాయి. మర్యాద తప్పారని ఆయనను తప్పుపట్టినవారు కోకొల్లలు. వార్డుల్లో నుంచి నిత్యం లేస్తున్న శవాల గురించి మాట్లాడినవారు తక్కువ.

చివరి రెండు వారాలు

1860 దశకం మధ్యకు వచ్చేసరికి ఆయన ప్రవర్తన మారింది. మతిమరుపు, ఆవేశం, అసంబద్ధమైన మాటలు. జబ్బు ఏమిటన్నదానిపై చరిత్రకారుల్లో నేటికీ ఏకాభిప్రాయం లేదు. 1865 జులై చివర్లో ఆయనను వియన్నాకు తీసుకువచ్చారు. రైలు స్టేషనులో పాత గురువు హెబ్రా ఎదురై, తన కొత్త వైద్యశాల చూపిస్తానని వెంట తీసుకువెళ్లారు. తీరా చేరింది పిచ్చాసుపత్రికి. సంగతి గ్రహించిన సెమ్మెల్‌వైస్ బయటపడేందుకు పెనుగులాడారు. కాపలాదారులు చితకబాది, కదలకుండా కట్టే చొక్కా తొడిగి చీకటి గదిలో పడేశారు. రెండు వారాలకు, 1865 ఆగస్టు 13న, 47 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. దేహంపై గాయాలు కుళ్లి, విషం రక్తంలో వ్యాపించినట్లు శవపరీక్షలో తేలింది. జీవితమంతా ఏ విషం నుంచి తల్లులను కాపాడాలని తపించారో అలాంటి విషానికే బలయ్యారు. తన మాట వినేవారు లేని రోగిగా, తన ఇష్టాయిష్టాలతో పనిలేని చికిత్స కింద ఆయన అంతమవడం విధి వైచిత్రి అనాలి. అంత్యక్రియలకు వచ్చినవారు బహు కొద్దిమంది.

రెండేళ్లు తిరగకముందే 1867లో బ్రిటన్ శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుద్ధి చేసే పద్ధతిని ప్రకటించారు. 1879లో పారిస్ సభలో సూతికా జ్వరానికి మూలమైన సూక్ష్మజీవుల గొలుసును లూయీ పాశ్చర్ బల్లపై గీసి చూపించారు. ఆ తర్వాతే హంగరీ వైద్యుడి పేరు మళ్లీ వినబడసాగింది. 1891లో అస్థికలను బుడాపెస్ట్‌కు తరలించారు. 1964లో వాటిని ఆయన పుట్టిన ఇంటికే చేర్చారు. ఆ ఇల్లు నేడు వైద్య చరిత్ర ప్రదర్శనశాల. ఒకనాడు బోధించిన విశ్వవిద్యాలయపు వైద్య విభాగానికి 1969లో ఆయన పేరు పెట్టారు.

చేతులు మారాయి.. మాట మారిందా?

తెలుగునాట ఆసుపత్రి కాన్పులకు స్త్రీలను రప్పించిన తీరు వేరు. విశాఖపట్నంలో, విజయనగరంలో ఘోషా ఆసుపత్రి అన్న పేరు అందరికీ తెలిసిందే. పరదా చాటున ఉండే స్త్రీలు పురుష వైద్యుడి ఎదుటికి రారని గుర్తించి, వారి కోసం వేరుగా వెలసిన ఆసుపత్రులకు అంటిన పేరది. గుంటూరులో అమెరికా వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ ప్రారంభించిన ఆసుపత్రి వైపు స్త్రీలు తరలి రావడానికీ మహిళా వైద్యులు ఉండటమే పెద్ద కారణం. అంటే స్త్రీల బిడియాన్ని మూఢత్వమని కొట్టిపారేయకుండా, దానికి తగినట్లు ఆసుపత్రిని మలచిన అనుభవం ఈ నేలకు ఉంది.

సెమ్మెల్‌వైస్ తల్లుల ప్రాణాలు కాపాడారు. వారి అనుమతి అడగడం, తోడును రానివ్వడం, గౌరవంగా మాట్లాడటం మాత్రం ఆయన నియమాల్లోనూ లేవు. అవి ఆయన కాలపు పరిమితులు. గుమ్మం దగ్గర నీళ్ల పాత్ర పెట్టినంత మాత్రాన ఆ వార్డులోని పేద స్త్రీ పాఠం చెప్పే వస్తువు కాకుండా పోలేదు. ఆ రెండో పని పూర్తి కావడానికి ప్రపంచం మరో శతాబ్దంన్నర తీసుకుంది. ప్రసవ వేళ ఆసుపత్రుల్లో తిట్లు, దెబ్బలు, అనుమతి లేని చికిత్సలు, నిర్లక్ష్యం స్త్రీల హక్కుల ఉల్లంఘనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రకటించింది. కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరులో చేపట్టిన లక్ష్య కార్యక్రమం కాన్పు గదుల నాణ్యతతో పాటు తల్లి పట్ల గౌరవప్రదమైన నడవడికను, ఆమె కోరుకున్న తోడు పక్కన ఉండటాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది.

జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రాన్ని అమలు చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో రాష్ట్రాలను కోరింది. అందులో 17 హక్కులు ఉన్నాయి. జబ్బు, చికిత్స గురించి రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. ప్రమాదం ఉన్న పరీక్షకైనా, శస్త్రచికిత్సకైనా ముందు సమ్మతి తీసుకోవాలి. పురుష వైద్యుడు స్త్రీని పరీక్షించేటప్పుడు మరో స్త్రీ గదిలో ఉండాలి. కులం, మతం, జబ్బు, ఊరు చూసి వివక్ష చూపరాదు. డబ్బు కట్టలేదని మృతదేహాన్నో, మనిషినో ఆపరాదు. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో భాగమైన పాచిపెంట మండలంలోని కొండ పల్లె నుంచి డోలీలో దిగి వచ్చే గర్భిణికీ, నగరంలోని కార్పొరేట్ ఆసుపత్రికి కారులో వెళ్లే గర్భిణికీ ఈ పత్రంలో తేడా లేదు.

వియన్నాలో మోకాళ్ల మీద పడి వేడుకున్న స్త్రీల మొర విచారణ సంఘాలను కదిలించలేదు. సెమ్మెల్‌వైస్ తన గ్రంథంలో రాసి ఉంచినందునే అది నేటికి మిగిలింది. రోగుల హక్కుల పత్రం ప్రకారం ఇప్పుడు ఫిర్యాదు చేసుకునేందుకు ప్రతి ఆసుపత్రిలో ఏర్పాటు ఉండాలి. ఫిర్యాదు అందిన 15 రోజుల్లోగా దానిపై ఏం తేలిందో రోగికి రాతపూర్వకంగా తెలియజేయాలి.